బావగారికి చేపల మెషిన్

ఎలియేజరుకు వాళ్ళ బావగారంటే ఎంత ప్రేమంటే, ఆయన తన ఇంట్లోంచి క్షేమంగా వెళ్ళిపోవాలని ఎనిమిది నెలలుగా రోజూ ప్రార్థన చేస్తున్నాడు. "క్షేమంగా" అన్న మాట మాత్రం ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

బావగారంటే భార్య రూతమ్మకు తోడబుట్టిన అన్నయ్య, జీవరాజు. బహ్రెయిన్‌లో ఓడలు బాగుచేసే యార్డులో ఫిట్టరు. ఆయన భార్య మణి ఎనిమిది నెలల క్రితం నర్సాపురంలో పోయింది. గురువారం సాయంత్రం ట్రంకాల్ వచ్చింది. పాస్‌పోర్టేమో కంపెనీ బీరువాలో ఉంది. బీరువా తాళాలు మేనేజరు దగ్గరున్నాయి. మేనేజరు శుక్రవారం సెలవుకి ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలీదు. శనివారం బీరువా తెరిపించి, టికెట్టు సంపాదించి ఆయన ఊరు చేరేసరికి సమాధి మీద మట్టి కూడా ఆరిపోయింది.

తిరిగొచ్చిన రోజున రూతమ్మ ఆయన్ని విమానాశ్రయం నుంచి నేరుగా సల్మానియాలోని తమ ఫ్లాటుకే తీసుకొచ్చింది. "రెండ్రోజులుండి కంపెనీ వాళ్ళుండే క్యాంపుకి వెళ్తాడండీ" అంది. ఆ రెండ్రోజులు ఇంకా పూర్తి కాలేదు.

మామూలు చుట్టమైతే తిట్టుకోవడానికి ఏదో ఒక సాకు దొరుకుతుంది. పొద్దున్నే బాత్రూమ్‌లో దూరి బయటికి రాడనో, టీలో పంచదార ఎక్కువ కావాలంటాడనో. జీవరాజు ఆ అదృష్టం కూడా కలిగించలేదు. పెట్టింది తింటాడు, తిన్న కంచం కడుగుతాడు, ముందుగదిలో చాప పరుచుకుని గోడకేసి తిరిగి పడుకుంటాడు. ఏమడిగినా "ఊఁ" అంటాడు. అంత మంచివాడి మీద కోపం తెచ్చుకోవడం ఎలాగో తెలీక ఎలియేజరు చిక్కిపోయాడు.

ఇల్లు ఇల్లంతా దిగులు పట్టుకుంది. కిందటేడు ముచ్చటపడి కొన్న వీసీఆర్ మీద రూతమ్మ దుప్పటి కప్పేసింది. రేడియో గొంతు నొక్కేసింది. ఒకసారి ఎలియేజరు గట్టిగా తుమ్మి, నేరం చేసినవాడిలా "క్షమించండి బావగారూ" అన్నాడు. ఆయన "ఊఁ" అని క్షమించాడు.

అన్నిటికన్నా పెద్ద కష్టం పోట్లాట. రెండు గదుల ఫ్లాటు, మధ్యన అట్టలాంటి గోడ. ఎనిమిది నెలలుగా మొగుడూ పెళ్ళాలు గుసగుసల్లోనే పోట్లాడుకుంటున్నారు. గొంతెత్తని పోట్లాటలో పస ఉండదు, ఎవరు నెగ్గారో కూడా తెలీదు. చివరికి అదే అలవాటైపోయి, ఆయన యార్డుకు వెళ్ళినప్పుడు కూడా నోట్లోంచి గుసగుసలే వస్తున్నాయి.

ఇక శుక్రవారం. ఈ దేశంలో ఆదివారం శుక్రవారం నాడే వస్తుంది. సెలవు ఆ రోజే కాబట్టి తెలుగు సహవాసం ఆరాధన కూడా ఆ రోజే. జీవరాజు దానికీ రాడు. తెల్లవారుతూనే గాలం తాడూ, ఎర్ర ప్లాస్టిక్ బకెట్టూ పట్టుకుని జుఫైర్ వైపు సముద్రపు ఒడ్డుకు వెళ్తాడు. పొద్దుగూకే వేళకి వస్తాడు. బకెట్టు ఎలా వెళ్ళిందో అలాగే వస్తుంది.

ఆ ఖాళీ బకెట్టు చూసి చూసి ఒకనాడు ఎలియేజరు బుర్రలో దీపం వెలిగింది.

వారమంతా ఇనుముతో కుస్తీ పట్టి, ఉన్న ఒక్క సెలవునాడు చేప కోసం ఎండలో మాడి, ఖాళీ బకెట్టుతో వచ్చే మనిషికి దిగులు కాక మరేముంటుంది? చేప పడితే మనిషి కోలుకుంటాడు. కోలుకుంటే తన క్యాంపుకి తాను పోతాడు. పోతే వీసీఆర్ మీద దుప్పటి లేస్తుంది. ఎక్కడా అతుకు లేకుండా కుదిరిన ఈ ఆలోచనను ఎలియేజరు నాలుగు రోజులు దాచుకుని, అయిదో రోజు వంటింట్లో భార్య చెవిలో వేశాడు.

"బావగారికి వచ్చే వారం యాభయ్యో పుట్టినరోజు కదా. ఒక మంచి బహుమతి ఇద్దామనుకుంటున్నాను."

రూతమ్మ రాత్రి డ్యూటీ చేసొచ్చి ఉంది. పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఎవరికి ఎక్కడ నొప్పో మొహం చూసి చెప్పేస్తుంది.

"ఏంటది?" అంది అనుమానంగా.

"ఫిష్ ఫైండర్ అని కొత్త మెషిన్. పడవలో పెట్టుకుంటే నీళ్ళ కింద చేపలెక్కడున్నాయో చూపిస్తుందంట. బజార్లో చూశాను."

"మా అన్నయ్యకి పడవెక్కడిదండీ?"

"మా కంపెనీ డ్రైవరు అబ్బాస్‌కి ఉంది. అడిగాను. వస్తానన్నాడు."

"అన్నయ్యకి అలాంటివి వద్దండీ."

"ఎందుకొద్దు?"

"వద్దంటే వద్దు. చొక్కా గుడ్డ కొనండి."

"చొక్కా గుడ్డ వేసుకుంటే దిగులు పోద్దా? నర్సాపురంలో గోదారి పక్కన పుట్టిన మనిషికి ఎనిమిది నెలలుగా ఒక్క చేప పళ్ళేదు. ఆ బాధ ఎంతుంటుందో నీకేం తెలుసు?"

"మీది నరసరావుపేట. చేపని పండగనాడు పళ్ళెంలో చూడటమేగా. మీకు బాగా తెలుసు చేపల బాధ!"

"నీ అన్నయ్య మీద నాకున్న ప్రేమ నీకు లేదు రూతూ."

రూతమ్మ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. ఆ చూపుకి ఎక్స్‌రే అక్కర్లేదు. అయినా ఏదో చెప్పబోయి ఆగి, ఉల్లిపాయ మీద కత్తి వేసింది. మామూలుగా ఆమె అలా మధ్యలో ఆగే మనిషి కాదు. తన మాట నెగ్గిన సంతోషంలో ఎలియేజరు ఆ సంగతి పట్టించుకోలేదు.

మనామా బజారులో ఓడ సామాన్లమ్మే గుజరాతీ సేఠ్ ఒకాయన ఉన్నాడు. తన కొట్లోని సరుకంతా తనకే చూపించి తనే విసుగెత్తినట్టుంటాడు. మూడు రకాల మెషిన్లు బల్ల మీద పెట్టి హిందీలో వాటి జాతకాలు చదివాడు.

మొదటిదానికి గడియారంలాంటి పలక ఉంది, దాని మీద ఎర్ర దీపం గిర్రున తిరుగుతుంది. చేప ఉంటే ఒక చోట మినుకుమంటుంది. కళ్ళార్పకుండా చూస్తూనే ఉండాలి. రెండోదాంట్లో కాగితం చుట్ట ఉంటుంది, చేప కనబడితే కాగితం మీద విల్లు గీతలా గీసి చూపిస్తుంది. మూడోది ఇప్పుడిప్పుడే వచ్చింది, బూడిద రంగు తెర మీద చిన్న చిన్న గళ్ళు మెదులుతాయి.

"అసలు ఇదెలా పనిచేస్తుంది సేఠ్?"

"ఇక్కణ్ణుంచి శబ్దం కిందికి పంపుతుంది. అది దేనికో తగిలి తిరిగొస్తుంది. తిరిగొచ్చినదాన్ని బట్టి కింద ఏముందో తెలుసుకుంటుంది."

ఎలియేజరు నిట్టూర్చాడు. తనూ ఎనిమిది నెలలుగా బావగారి దగ్గర అదే పని చేస్తున్నాడు. తిరిగొచ్చిందల్లా "ఊఁ".

"ఎవరికి ఈ మెషిన్?" అన్నాడు సేఠ్.

"మా బావగారికి. పాపం దుఃఖంలో ఉన్నారు."

"దుఃఖానికైతే పక్క కొట్లో రంగుల టీవీ ఉంది. చేపలు పట్టేవాళ్ళు రెండు రకాలు సాబ్. చేప కోసం పోయేవాళ్ళు, ఇంట్లోంచి పోయేవాళ్ళు. రెండో రకానికి ఇది అమ్మితే వారం తిరక్కుండా తెచ్చి నా మొహాన కొడతారు. మీ బావ ఏ రకం?"

"చేప కోసమే" అన్నాడు ఎలియేజరు తడుముకోకుండా. "పుట్టుకతోనే."

కాగితం మెషినే కొన్నాడు. తెర మీది చుక్కలు చెరిగిపోతాయి, దీపం ఆరిపోతుంది, కాగితం మీది గీత మాత్రం రేపు చేప పడకపోయినా సాక్ష్యంగా ఉంటుందని. కంపెనీలో ఓవర్‌టైం చేసిందంతా ఆ కాగితం చుట్టకే చుట్టుకుపోయింది.

మర్నాడు పొద్దున బావగారు యార్డుకు వెళ్ళాక పరీక్ష పెట్టాడు. అబ్బాస్ ఇచ్చిన పాత కారు బ్యాటరీ బాత్రూమ్‌లో పెట్టి, టబ్బు నిండా నీళ్ళు నింపి, తీగ చివరున్న బిళ్ళని అందులో వేలాడదీశాడు. చేప లేకుండా చేపల మెషిన్‌ని పరీక్షించడం అన్యాయమని బజారు నుంచి మూరెడు హమూర్ చేపని తెచ్చి, తోకకి దారం కట్టి నీళ్ళలో వదిలాడు. మెషిన్ కాగితం మొత్తం నల్లగా గీసేసి, మాడిన వాసన వదిలింది. లోతు లేని నీళ్ళలో అది అంతే చేస్తుందని పుస్తకంలో రాసుంది గాని, పుస్తకం అప్పటికే టబ్బులో పడి తడుస్తోంది.

అప్పుడే రాత్రి డ్యూటీ దిగి స్నానానికని తలుపు తోసుకొచ్చింది రూతమ్మ. టబ్బులో చేప నోరు తెరుచుకుని ఆమెకేసి చూస్తోంది. రూతమ్మ కెవ్వుమంది. అయితే ఎనిమిది నెలల అలవాటు కదా, ఆ కేకా గుసగుసగానే వచ్చింది.

"ఏం చేస్తున్నారండీ ఇక్కడ?"

"చేప ఎక్కడుందో చూస్తున్నాను."

"దొరికిందా?"

"టబ్బులో ఉందని తెలుసు. మెషినే ఒప్పుకోవడంలేదు."

ఇంతవరకే జరిగుంటే సంగతి ఇంట్లోనే సద్దుమణిగేది. ఎలియేజరు నోరు ఊరుకోలేదు. ఆ శుక్రవారం సహవాసంలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడ్డాడు. దుఃఖంలో ఉన్న బావగారి మీద దేవుడు తన హృదయంలో ఎంత ప్రేమ పుట్టించాడో, ఆ ప్రేమ తనచేత ఏం కొనిపించిందో, గొంతు వణికిస్తూ చెప్పాడు. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. రూతమ్మ మాత్రం కళ్ళార్పకుండా మొగుడికేసి చూసింది.

సహవాసం పెద్ద సత్యవేదంగారు లేచారు. ఆయనకి ప్రార్థన, భోజనం ఈ రెండూ ప్రాణం. ఎవరింట్లో ఫ్రిజ్ వచ్చినా, కారు వచ్చినా, మీట నొక్కేముందు ఆయన వచ్చి ప్రార్థన చేయాల్సిందే. అది అక్కడి ఆనవాయితీ. అలా ప్రార్థన చేసిన వస్తువు మొదటి ఫలం సహవాసానికి రావడం దాని తోకలాంటి ఇంకో ఆనవాయితీ. కారు కొన్నవాడు మొదటి వారం అందర్నీ ఆరాధనకి మోసుకురావాలి. ఫ్రిజ్ కొన్నవాళ్ళు మొదటి ఐస్‌క్రీమ్ పంచాలి.

"గురువారం సాయంత్రం నేనొచ్చి మెషిన్ మీద ప్రార్థన చేస్తాను" అన్నారు సత్యవేదంగారు. "శుక్రవారం తొలిపట్టు మన సహవాసానిదే. వచ్చే వారం కోడికూర వద్దు. చేపల పులుసే! చింతపండు నానబెట్టుకోండి తల్లీ."

నలభై మంది "ఆమెన్" అన్నారు. ఎలియేజరు కూడా అన్నాడు గాని, అది గుసగుసగానే వచ్చింది.

గురువారం సాయంత్రం ముందుగదిలో చాప తీసి, దుప్పటి పరిచి, దాని మీద మెషిన్ని పెట్టారు. సత్యవేదంగారు సముద్రాన్నీ, దానిలోని సకల జీవుల్నీ పేరు పేరునా తలుచుకుంటూ ప్రార్థించేసరికి టీ చల్లారిపోయింది. ఆయన వెళ్ళాక ఎలియేజరు బావగారి రెండు చేతులూ పట్టుకుని, "పుట్టినరోజు బావగారూ. మీ కోసమే. రేపు తెల్లవారుజామున పడవలో వెళ్తున్నాం" అన్నాడు.

జీవరాజు మెషిన్ని చూశాడు. ఎలియేజరుని చూశాడు. కళ్ళు చెమ్మగిల్లాయి.

"పడవలోనా?" అన్నాడు.

ఎనిమిది నెలల్లో "ఊఁ" కాని మొదటి మాట. ఎలియేజరు ఆనందంతో భార్య వైపు తిరిగాడు. ఆమె అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున అయిదింటికి అబ్బాస్ పడవ ఒడ్డు వదిలింది. సన్నగా దుమ్ముగాలి, బూడిద రంగు నీళ్ళు, దూరాన అంతకన్నా బూడిద రంగు ఆకాశం. జీవరాజు పడవ మధ్యన బల్లని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ప్రార్థన చేసుకుంటున్నాడు కాబోలనుకున్నాడు ఎలియేజరు.

లోతు నీళ్ళలోకి వెళ్ళి మెషిన్ మీట నొక్కగానే కాగితం కదిలింది. ఒక విల్లు గీసింది. పక్కనే ఇంకొకటి. ఆ పక్కన చిన్నవి నాలుగు.

"వచ్చాయి బావగారూ! చూడండి, ఇదిగో మొగుడు, ఇదిగో పెళ్ళాం, వెనకాల పిల్లలు! కుటుంబం కుటుంబమే ఉంది కింద!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. జీవరాజు కళ్ళు తెరిచి ఆ గీతలకేసి చాలాసేపు చూశాడు.

గాలాలు వేశారు. గంట గడిచింది. కాగితం మూరలు మూరలుగా బయటికొచ్చి ఎలియేజరు కాళ్ళకి చుట్టుకుంది, దాన్నిండా చేపలే. తాడుకి మాత్రం ఒక్కటి తగల్లేదు. రెండో గంట అయింది. నలభై మంది చింతపండు పిసికి, మసాలా నూరి ఎదురుచూస్తుంటారని గుర్తొచ్చి ఎలియేజరుకు చెమటలు పట్టాయి.

అబ్బాస్ కాగితం తీసి చూసి పకపకా నవ్వాడు. "ఎలియాస్ భాయ్, నీ మెషిన్ అబద్ధం చెప్పలేదు. కింద చేపలున్నాయి. కానీ అవన్నీ తీగ బోనుల్లో ఉన్నాయి. మా మామ వాళ్ళు దించిన బోనులు. వాళ్ళ చేపలు నీ గాలానికెందుకొస్తాయి? ఖలాస్, పద వేరే చోటికి."

వేరే చోటికి పోదామని తాళ్ళన్నీ పైకి లాగుతుంటే జీవరాజు తాడు అబ్బాస్ చేతికొచ్చింది. చివర చూశాడు. తిప్పి చూశాడు. నవ్వు ఆపేశాడు.

"దీనికి కొక్కెం ఏది?"

తాడు చివర సీసం గుండు ఒక్కటే ఉంది. కొక్కెం తెగిపోయిన గుర్తు లేదు, ఎప్పుడూ కట్టిన గుర్తే లేదు.

అబ్బాస్ ఇద్దరి మొహాలూ చూసి, ఇంజను దగ్గర పనున్నట్టు వెనక్కి వెళ్ళిపోయాడు.

"బావగారూ" అన్నాడు ఎలియేజరు. "ఎనిమిది నెలలు కొక్కెం లేకుండా ఏం చేశారు?"

"కూర్చున్నానండి."

"మరి చేపలు?"

"నాకు చేపలు పట్టడం రాదండి బావగారూ. నీళ్ళంటేనే భయం. చిన్నప్పుడు రేవు దాటడానికి కూడా మా నాన్న నన్ను కళ్ళు మూసుకోమనేవోడు."

"మరెందుకండీ ప్రతి శుక్రవారం…"

జీవరాజు నీళ్ళకేసి చూడకుండా తన కాళ్ళకేసి చూస్తూ చెప్పాడు. "మీకా సెలవు ఒక్కరోజేగా. రూతుకి ఎప్పుడో గాని శుక్రవారం ఖాళీ దొరకదు. రెండు గదుల కొంప. నేను గోడకేసి తిరిగి పడుకున్నంత మాత్రాన లేనట్టవుద్దా? ఆ ఒక్కరోజన్నా మీ ఇంట్లో మీరుంటారని బయటికెళ్ళిపోతన్నాను. ఉత్తి చేతులతో సముద్రం దగ్గరికెళ్తన్నానంటే రూతు భయపడుద్ది కదండీ. అందుకని ఆ తాడూ, బకెట్టూ."

ఎలియేజరుకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. సముద్రం అంత పెద్దదున్నా పనికొచ్చే చోటొకటి కనబడలేదు. అయినా మనిషి బుద్ధి ఎక్కడికి పోతుంది? సిగ్గుపడుతూనే, మెల్లగా పాత దారిలోకి వచ్చాడు.

"అంత ఇబ్బందిగా ఉంటే… క్యాంపులో గది ఇవ్వనన్నారా బావగారూ?"

"మొదటి నెల్లోనే ఇచ్చారండి. తాళంచెవి కూడా తెచ్చుకున్నాను. రూతే వెళ్ళనివ్వలేదు. మీరు ఏడ్చారంట కదా?"

"నేనా?"

"బావగారు లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండదు, ఆయన్ని పంపిస్తే ఆయనెనకాల నేనూ వెళ్ళిపోతానని అన్నం మానేసి ఏడ్చారంట. రూతు చెప్పింది. అంత మాటన్నోళ్ళని కాదని ఎలా వెళ్తానండి? మీ మనసు కష్టపెట్టలేక ఉండిపోయాను."

ఎలియేజరు కాళ్ళ దగ్గరి కాగితంకేసి చూశాడు. రూతమ్మ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ ఇంత పని చేసిందని ఏ మెషిన్ గీసి చూపించలేదు. ఎనిమిది నెలలుగా తను ఈ మనిషి కోసం ఓర్చుకుంటున్నానని అనుకుంటున్నాడు. ఈ మనిషేమో తన కోసం ఓర్చుకుంటున్నాడు.

"ఇప్పుడు ఈ మెషినొకటి కొన్నారు" అన్నాడు జీవరాజు. "ఇంత ప్రేమకి నేను తట్టుకోలేకపోతన్నానండి బావగారూ. తాళంచెవి ఇంకా జేబులోనే ఉంది. మీరొక్క ఊఁ అనండి. రేపే వెళ్ళిపోతాను."

ఎనిమిది నెలల ప్రార్థనకి సమాధానం నడిసముద్రంలో దొరికింది. ఒక్క ఊఁ. దానికి పెదవులు కూడా కదపక్కర్లేదు. ఎలియేజరు గొంతు సవరించుకున్నాడు. ఊరికే, మనసు కుదుటపడటానికి ఒక ప్రశ్న అడిగాడు.

"అక్కడ బాగుంటుందా మీకు?"

"బాగుండటానికేముందండి. గదికి నాలుగు మంచాలు. మిగతా ముగ్గురిదీ నైట్ డ్యూటీ. గోడ అక్కడా ఉంది." కాస్త ఆగి మళ్ళీ అన్నాడు. "మీ ఇంట్లో ఒక్క సుఖం ఉందండి. గోడవతల మీరిద్దరూ గుసగుసగా పోట్లాడుకుంటుంటారు చూడండి, అది వింటా పడుకుంటే నిద్ర పడుద్ది. మణి కూడా అలాగే తిట్టేది నన్ను. పక్కింటోళ్ళకి వినపడకుండా. సెలవుకెళ్ళిన నెల రోజులూ తిట్టేది. క్యాంపులో అది ఉండదు. అంతేనండి."

జీవరాజు ఆ మాట ఏడుస్తూ చెప్పలేదు. బియ్యం అయిపోయాయని చెప్పినట్టు చెప్పాడు. ఎలియేజరుకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. తన ఇంట్లో ఎందుకూ పనికిరాదనుకున్న ఆ పస లేని పోట్లాట, ఈ మనిషికి జోలపాట అయి కూర్చుంది. సమాధి మీది తడి మట్టి కూడా చూడలేకపోయిన మనిషి. అవతల గదిలో గోడకేసి తిరిగి చెవులు రిక్కించుకుని పడుకున్న మనిషి. ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"రూతు చెప్పింది నిజమే బావగారూ" అన్నాడు ముక్కు ఎగబీలుస్తూ. "ఏడ్చాను. మీరు వెళ్ళొద్దు."

జీవరాజు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత ఆ చెయ్యి తీసేసి పడవ అంచు పట్టుకుని భళ్ళున వాంతి చేసుకున్నాడు. ఎనిమిది నెలల్లో లేనిది, అబ్బాస్ వెనకనుంచి "యల్లా, చేపలకి మేత దొరికింది!" అని అరిస్తే, మొహం తుడుచుకుంటూ చిన్నగా నవ్వాడు కూడా.

మెషిన్ని అక్కడికక్కడే అబ్బాస్ పడవకి అంటగట్టి ఒడ్డు చేరేసరికి పదకొండు దాటింది. నలభై మందికి ఏం సమాధానం చెప్పాలి? బావా బావా ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఏ మాటా అనుకోకుండానే చేపల బజారు దారి పట్టారు. ఐసు పెట్టెలోంచి రెండు హమూర్లూ, ఒక బకెట్టెడు సాఫీ చేపలూ కొన్నారు. ఎలియేజరు వాటికి అంటుకున్న ఐసంతా చొక్కాతో తుడిచి, తాజాగా కనబడటానికి కాసిని ఉప్పునీళ్ళు చల్లాడు.

సహవాసం హాలు గుమ్మంలో సత్యవేదంగారు రెండు చేతులూ చాచి ఎదురొచ్చారు. పెద్ద హమూర్‌ని పైకెత్తి అందరికీ చూపించారు. "చూశారా! ప్రార్థన చేసిన మెషిన్ ఊరికే పోతుందా!"

వెనక వంటగదిలో రూతమ్మ ఆ హమూర్‌ని చేతిలోకి తీసుకుంది. మొప్ప ఎత్తి చూసింది. కంటి మీద వేలుతో నొక్కింది. కడుపు మీద నొక్కింది. తర్వాత గోడ గడియారం చూసింది.

"ఇది పోయి ముప్ఫయ్యారు గంటలైంది" అంది మెల్లగా.

"అలా ఎలా చెప్తావు?"

"నా డ్యూటీయే అది కదండీ. ఎక్కడ కొన్నారు?"

ఎలియేజరు జవాబుకి బదులు పొద్దుటినుంచి దాచుకున్న ప్రశ్న బయటికి తీశాడు. మసాలా గిన్నెల మధ్య, మిగతా ఆడవాళ్ళకి వినపడకుండా. "నేను అన్నం మానేసి ఏడ్చానని బావగారితో చెప్పావంట?"

"చెప్పాను."

"ఆయన వెనకాల ఇల్లు వదిలి వెళ్ళిపోతానన్నానా నేను?"

"ఆయన్ని ఒక్కణ్ణీ ఆ గదికి పంపిస్తే నాకు నిద్ర పట్టదండీ. నేనుండమంటే ఉండేవాడు కాదు. చెల్లెలి మాట ఎవడు వింటాడు? బావగారి మాటైతే తీసెయ్యలేడు."

"ఆయనకి నీళ్ళంటే భయమని కూడా నీకు తెలుసు."

"తెలుసు. చెప్తే మరి శుక్రవారాలు సముద్రానికి ఎందుకెళ్తున్నాడని మీరడుగుతారు. ఎందుకెళ్తున్నాడో నాకు అర్థమైంది గాని, ఆ మాట నా నోటితో మీకెలా చెప్పను?"

ఎలియేజరు ఒక్కక్షణం తగ్గాడు. కానీ అసలు అన్యాయం ఇంకా మిగిలే ఉంది. ఎనిమిది నెలలు తన పేరు మీద తనకు తెలీకుండా తన కన్నీళ్ళు చలామణి అయ్యాయి. "అది కాదు రూతూ. నేను ఏడవకుండానే ఏడ్చానని ఎలా చెప్తావు? అబద్ధం కాదూ అది?"

"ఏడవలేదా మీరు?"

"ఎప్పుడు?"

"ఇవాళ. పడవలో. వెళ్ళొద్దని పట్టుకుని ఏడ్చారంట కదా. అన్నయ్య ఇందాకే చెప్పాడు."

"అది ఇవాళ!"

"అవును" అంది రూతమ్మ, చేప తోక నరుకుతూ. "నేను కాస్త ముందుగా చెప్పాను. అంతే."

ఎలియేజరు పులుసు ఉడికేదాకా అక్కడే నిలబడి, గిన్నె ఎత్తుకుని హాల్లోకి వెళ్ళాడు. నలభై మంది వరసగా కూర్చుని ఉన్నారు. చివర, గోడకి వీపు ఆనించి జీవరాజు కూర్చున్నాడు. ఎలియేజరు మొదటి ముక్క ఆయన పళ్ళెంలో వేశాడు.

"చాలండి బావగారూ."

"ఇంకొకటి వేసుకోండి బావగారూ" అన్నాడు ఎలియేజరు, తలెత్తకుండా.